ఇంగ్లీషులో ప్రశ్న ఎలా కట్టాలి: వాట్, వేర్, వెన్, వై, హౌ తర్వాత ఏం రావాలి?

హన్మకొండలో డిగ్రీ చదివే పిల్లలు, నర్సంపేట, ములుగు వైపు నుంచి ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లు, ఇంట్లో పిల్లల హోంవర్క్ చూసే తల్లులు అందరూ నన్ను అడిగేది ఇంచుమించు ఒకటే. "వాట్, వేర్, వై తెలుసు. వాటి తర్వాత ఏం పెట్టాలో తెలుస్తలేదు. డు ఎప్పుడు? ఈజ్ ఎప్పుడు? డిడ్ ఎప్పుడు?" ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. పక్కన కాగితం, పెన్సిల్ పెట్టుకుని చదవండి. ఊరికే చదివితే ఇది రాదు.

"వేర్ యూ ఆర్ గోయింగ్?" అని అడిగితే ఎదుటివాళ్లకు అర్థం కాదా అంటే, అవుతుంది. బస్టాండులో పని నడిచిపోతుంది. ఇంటర్వ్యూలో, ఆఫీసు ఫోన్లో, పరీక్ష పేపర్లో మాత్రం నడవదు. అయితే ఇది తెలివి తక్కువై చేసే తప్పు కాదు, తెలుగు అలవాటు వల్ల వచ్చే తప్పు. "నేను కాజీపేటకు పోతున్న" అన్న మాటను "నువ్వు ఎక్కడికి పోతున్నవ్?" అని మార్చినప్పుడు, కాజీపేట ఉన్నచోటే ఎక్కడికి వచ్చి కూర్చుంటుంది. మిగతా పదాలు కదలవు. ఇంగ్లీషులో రెండు కదలాలి. ప్రశ్న పదం వాక్యం మొదటికి రావాలి. హెల్పింగ్ వెర్బ్ (ఆర్, ఈజ్, విల్, డిడ్ లాంటి సహాయక క్రియ, కింద దీన్నే హెల్పర్ అంటాను) కర్తను దాటి ముందుకు రావాలి. మనం మొదటి పని చేసి రెండోది వదిలేస్తాం. సిద్ధాంతం ఇంతే, ఇక పనిలోకి దిగుదాం.

కావలసినవి

- పాత నోట్‌బుక్ కాగితాలు, కత్తెర. వేలెడంత చీటీలు కత్తిరించుకోవాలి.
- పెన్సిల్, రబ్బరు.
- ఫోన్లో వాయిస్ రికార్డర్.
- గో, వెంట్, గాన్ లాంటి క్రియారూపాలు కొన్ని నోటికి వచ్చి ఉండాలి. అవి రాకపోతే రోజూ వాడే క్రియలు ఓ యాభై ముందు నేర్చుకోండి. ఆ పునాది లేకుండా డిడ్ దగ్గర తప్పకుండా తడబడతారు.

చీటీలు చిన్నపిల్లల ఆటలా అనిపిస్తాయని పెద్దవాళ్లు వద్దంటారు. అలా అనుకోకండి. పదం జరగడం చేత్తో ఒకసారి చేసి చూస్తే, నోటితో చేయడం తేలికవుతుంది.

1. ముందు జవాబు రాయండి

ప్రశ్నతో మొదలుపెట్టకండి. మీరు అడగబోయేదానికి రాగల జవాబును పూర్తి వాక్యంగా రాయండి. జవాబు నిజంగా తెలియకపోతే ఊహించి రాయండి. ఎదుటి మనిషి గురించి అడుగుతుంటే "ఐ" బదులు "యూ" పెట్టండి.

"యూ ఆర్ గోయింగ్ టు కాజీపేట్ టుమారో."

దీన్ని ఐదు చీటీల మీద రాయండి: యూ, ఆర్, గోయింగ్, టు కాజీపేట్, టుమారో. బల్ల మీద వరుసగా పేర్చండి.

2. తెలియని ముక్కను గుర్తించి, దానికి ప్రశ్న పదం పెట్టండి

ఎక్కడికి అన్నది తెలియదు కాబట్టి "టు కాజీపేట్" చీటీ తీసేసి, దాని బదులు "వేర్" అని రాసిన చీటీ చేత్తో పట్టుకోండి. మనిషి అయితే హూ, వస్తువో విషయమో అయితే వాట్, చోటు అయితే వేర్, సమయం అయితే వెన్, కారణం అయితే వై, తీరు అయితే హౌ, ఎవరిదో అయితే హూజ్. ఇవి మీకు తెలిసినవే.

ఇక్కడ తడబడేది రెండు చోట్ల. మొదటిది విచ్. ఎదురుగా లెక్కకు వచ్చే కొన్నే ఉండి, వాటిలో ఏది అని అడిగితే విచ్ వాడాలి. హైదరాబాదుకు వెళ్లే రెండు బస్సులు ముందర నిలబడి ఉంటే "విచ్ బస్" అంటాం.

రెండోది హౌ మెనీ, హౌ మచ్. ఇవి ఒంటరిగా ముందుకు రావు, వెనకున్న నామవాచకాన్ని కూడా వెంట తెచ్చుకుంటాయి. "హౌ మెనీ యూ హ్యావ్ బ్రదర్స్?" తప్పు. "హౌ మెనీ బ్రదర్స్ డు యూ హ్యావ్?" సరైనది. హౌ మెనీ ఒక చీటీ, బ్రదర్స్ ఇంకో చీటీ అని రాయకండి. రెండూ ఒకే చీటీ మీద రాయండి, తప్పు చేసే అవకాశమే ఉండదు.

3. హెల్పర్‌ను పట్టుకోండి

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, కాబట్టి నెమ్మదిగా చదవండి. మీ జవాబు వాక్యంలో క్రియ దగ్గరికి వెళ్లి చూడండి. మూడింటిలో ఒకటి కనిపిస్తుంది.

మొదటిది: ఆమ్, ఈజ్, ఆర్, వాజ్, వర్‌లలో ఏదో ఒకటి ఉంటుంది. అదే కదులుతుంది, ఇంకేం తేవద్దు. "ద బస్ ఈజ్ లేట్" అన్నదానికి "వై ఈజ్ ద బస్ లేట్?" చాలు. ఇక్కడ డజ్ తెచ్చి "వై డజ్ ద బస్ లేట్?" అనకండి.

రెండోది: కెన్, విల్, షుడ్, మస్ట్, వుడ్, కుడ్ లాంటివి, లేదా వేరే క్రియకు ముందు హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ ఉంటాయి. అప్పుడూ అవే కదులుతాయి. రెండు మూడు హెల్పర్లు వరుసగా ఉంటే మొదటిది మాత్రమే కదలాలి. "దే హ్యావ్ బీన్ వెయిటింగ్ ఫర్ టూ అవర్స్" అన్నదాన్ని "హౌ లాంగ్ హ్యావ్ దే బీన్ వెయిటింగ్?" అనాలి. హ్యావ్ ముందుకొచ్చింది, బీన్ ఉన్నచోటే ఉంది.

మూడోది: హెల్పర్ కనిపించదు, ఒక్క క్రియే ఉంటుంది. అప్పుడే, అప్పుడు మాత్రమే, డు, డజ్, డిడ్ బయటినుంచి తేవాలి. ఏది తేవాలో ఆ క్రియే చెబుతుంది. క్రియ మామూలు రూపంలో ఉంటే డు. చివర ఎస్ ఉంటే డజ్. భూతకాలంలో ఉంటే డిడ్.

"షి లివ్స్ ఇన్ జనగామ" – "వేర్ డజ్ షి లివ్?"

"హి కేమ్ ఎట్ నైన్" – "వెన్ డిడ్ హి కమ్?"

జాగ్రత్త: డజ్ వచ్చిందంటే లివ్స్ చివరి ఎస్‌ను అది తీసేసుకుంటుంది. డిడ్ వచ్చిందంటే కేమ్‌లోని భూతకాలాన్ని అది తీసేసుకుంటుంది. మిగిలేది మామూలు క్రియ. "వెన్ డిడ్ యూ కేమ్?" అనడం ఒకే ప్రయాణానికి రెండు టికెట్లు కొన్నట్టు. నేను దిద్దే నోట్‌బుక్కుల్లో అన్నిటికంటే ఎక్కువ కనిపించే తప్పు ఇదే. చీటీల మీద చేసేటప్పుడు "కేమ్" చీటీ మీద రబ్బరుతో కేమ్ చెరిపి, కమ్ అని మళ్లీ రాయండి. ఆ చెరపడం మీ చేత్తో జరగాలి.

హ్యావ్, డు రెండూ మోసం చేస్తాయి. "షి హ్యాజ్ ఫినిష్డ్ ద వర్క్" లో హ్యాజ్ హెల్పర్, ఎందుకంటే వెనకాల ఫినిష్డ్ ఉంది. "షి హ్యాజ్ టూ ఏకర్స్" లో హ్యాజ్ తర్వాత ఇంకో క్రియ లేదు, అదే అసలు క్రియ. కాబట్టి డజ్ తేవాలి: "హౌ మెనీ ఏకర్స్ డజ్ షి హ్యావ్?" డు కూడా అంతే. "షి డజ్ టైలరింగ్" లో డజ్ అసలు క్రియ. ప్రశ్న "వాట్ డజ్ షి డు?" అవుతుంది. డు రెండుసార్లు వచ్చిందేంటి అని భయపడి ఒకటి కొట్టేస్తుంటారు. కొట్టేయకండి. మొదటిది హెల్పర్, రెండోది పని.

4. చీటీలు జరపండి

ఇప్పుడు వరుస ఇలా ఉండాలి: ప్రశ్న పదం, హెల్పర్, కర్త, అసలు క్రియ, మిగతా మాటలు.

వేర్, ఆర్, యూ, గోయింగ్, టుమారో.

"వేర్ ఆర్ యూ గోయింగ్ టుమారో?"

చీటీ చేత్తో ఎత్తి యూ మీదుగా దాటించి పెట్టండి. కర్త పొడవుగా ఉన్నా మొత్తం కర్తను దాటాలి. "ద పేరెంట్స్ ఆఫ్ ద ఫస్ట్ ఇయర్ స్టూడెంట్స్ ఆర్ వెయిటింగ్ అవుట్‌సైడ్" అన్నప్పుడు ద పేరెంట్స్ నుంచి స్టూడెంట్స్ దాకా అంతా ఒకే కర్త. "వేర్ ఆర్ ద పేరెంట్స్ ఆఫ్ ద ఫస్ట్ ఇయర్ స్టూడెంట్స్ వెయిటింగ్?" అవుతుంది.

కాదు, లేదు అనే అర్థం ఉంటే నాట్‌ను హెల్పర్‌తో కలిపేసి జరపండి. "యూ డిడ్ నాట్ కమ్ బికాజ్ ఆఫ్ రెయిన్" – "వై డిడంట్ యూ కమ్?" మనవాళ్లు "వై యూ డిడంట్ కమ్?" అంటారు. అక్కడ డిడంట్ కర్తను దాటలేదు, గమనించారా?

5. తీసేసిన ముక్క మళ్లీ దొంగతనంగా రాకుండా చూడండి

"వేర్ ఆర్ యూ గోయింగ్ టు కాజీపేట్?" అని రాసేవాళ్లున్నారు. కాజీపేట బదులే కదా వేర్ వచ్చింది? రెండూ ఉండకూడదు.

అయితే ఫర్, విత్, అబౌట్, ఫ్రమ్ లాంటి చిన్న మాటలు ఆ ముక్కకు ముందు ఉంటే, వాటిని తీసేయకుండా ఉన్నచోటే ఉంచాలి. "యూ ఆర్ వెయిటింగ్ ఫర్ యువర్ బ్రదర్" – "హూ ఆర్ యూ వెయిటింగ్ ఫర్?" చివర ఫర్ వేలాడుతున్నట్టు అనిపించినా అదే సరైనది. "ఏ ఊరు మీది?" అని మనం అడిగేదానికి ఇంగ్లీషులో "వేర్ ఆర్ యూ ఫ్రమ్?" అంటే సరిపోతుంది. ఫ్రమ్ తీసేసి "వేర్ ఆర్ యూ?" అంటే, ఇప్పుడు ఎక్కడున్నారు అన్న వేరే ప్రశ్న అవుతుంది.

6. అడిగేది కర్త గురించే అయితే ఏమీ జరపకండి

పై మెట్లన్నీ పట్టుబడ్డాక కొందరు ప్రతి చోటా డిడ్ పెట్టడం మొదలుపెడతారు. అందుకే ఈ మెట్టు విడిగా రాస్తున్నాను. పాలంపేట రామప్ప గుడి గురించి ఒక వాక్యం తీసుకుందాం. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213 లో దాన్ని కట్టించినట్టు అక్కడి శాసనం చెబుతుంది.

"రేచర్ల రుద్ర బిల్ట్ ద టెంపుల్ ఇన్ పాలంపేట్ ఇన్ 1213."

ఇందులో నాలుగు ముక్కలున్నాయి. నాలుగింటినీ అడగవచ్చు.

చోటు తెలియకపోతే: "వేర్ డిడ్ రేచర్ల రుద్ర బిల్డ్ ద టెంపుల్?"

సంవత్సరం తెలియకపోతే: "వెన్ డిడ్ రేచర్ల రుద్ర బిల్డ్ ద టెంపుల్?"

ఏం కట్టించాడో తెలియకపోతే: "వాట్ డిడ్ రేచర్ల రుద్ర బిల్డ్ ఇన్ పాలంపేట్?"

ఎవరు కట్టించారో తెలియకపోతే: "హూ బిల్ట్ ద టెంపుల్ ఇన్ పాలంపేట్?"

చివరిదాన్ని జాగ్రత్తగా చూడండి. డిడ్ లేదు, బిల్ట్ బిల్ట్‌గానే ఉంది. కారణం, హూ వచ్చింది కర్త ఉన్న చోటుకే. దాటడానికి కర్త లేదు, కాబట్టి హెల్పర్ అవసరం పడలేదు. పనిచేసిన మనిషిని గానీ వస్తువును గానీ అడిగితే ఇంతే: "హూ కేమ్?", "వాట్ హ్యాపెన్డ్?", "హౌ మెనీ స్టూడెంట్స్ పాస్డ్?" "వాట్ డిడ్ హ్యాపెన్?" అనకండి.

హూ తర్వాత క్రియ మామూలుగా ఏకవచనంలో వస్తుంది. గదిలో పది మంది చాయ్ కావాలని కూర్చున్నా "హూ వాంట్స్ చాయ్?" అనే అడుగుతారు.

ఇదే గుడి గురించి ఇంకో రెండు. చేసినవాళ్ల పేరు చెప్పకుండా "ద టెంపుల్ వాజ్ బిల్ట్ ఇన్ 1213" అంటే అక్కడ వాజ్ ఉంది కదా, అదే జరుగుతుంది: "వెన్ వాజ్ ద టెంపుల్ బిల్ట్?" "వెన్ వాజ్ బిల్ట్ ద టెంపుల్?" తప్పు, కర్త మధ్యలో రావాలి. గుడికి శిల్పి రామప్ప పేరు వచ్చిందంటారు. దాన్ని అడగాలంటే "హూ ఈజ్ ద టెంపుల్ నేమ్డ్ ఆఫ్టర్?" ఐదో మెట్టులో చెప్పిన చిన్న మాట ఇక్కడ ఆఫ్టర్ రూపంలో చివర నిలబడింది. గోపురంలో వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. "వై డు ద బ్రిక్స్ ఫ్లోట్?" అని పిల్లలతో అడిగించండి. పాఠం పుస్తకంలో వాక్యాల కంటే మన చుట్టూ ఉన్నవాటి మీద ప్రశ్నలు వేస్తే పిల్లలు ఊరికే వదలరు.

మర్యాదగా అడిగేటప్పుడు: అంతా తిరగబడుతుంది

కాజీపేట జంక్షన్‌లో తెలియని మనిషిని ఆపి "వేర్ ఈజ్ ద టికెట్ కౌంటర్?" అంటే తప్పు లేదు, కానీ కాస్త కరుకుగా వినిపించవచ్చు. "కుడ్ యూ టెల్ మీ" అని మొదలుపెడితే మెత్తగా ఉంటుంది. అయితే అప్పుడు లోపలి ముక్కలో హెల్పర్‌ను జరపకూడదు.

తప్పు: "కుడ్ యూ టెల్ మీ వేర్ ఈజ్ ద టికెట్ కౌంటర్?"

సరైనది: "కుడ్ యూ టెల్ మీ వేర్ ద టికెట్ కౌంటర్ ఈజ్?"

తప్పు: "డు యూ నో వెన్ డజ్ ద ట్రైన్ లీవ్?"

సరైనది: "డు యూ నో వెన్ ద ట్రైన్ లీవ్స్?"

ముందున్న కుడ్ యూ, డు యూ ల దగ్గర జరపడం ఒకసారి అయిపోయింది. లోపల మళ్లీ అక్కర్లేదు. బాగా మాట్లాడేవాళ్లు కూడా ఇక్కడ జారుతుంటారు, కాబట్టి వెంటనే రాకపోతే నిరాశ పడకండి. మొదటి ఆరు మెట్లూ గట్టిపడేదాకా దీన్ని పక్కన పెట్టినా నష్టం లేదు. "ఎక్స్‌క్యూజ్ మీ" అని ముందు చేర్చి నేరుగా అడగండి, మర్యాద సరిపోతుంది.

ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లకు

చివర్లో "డు యూ హ్యావ్ ఎనీ క్వశ్చన్స్ ఫర్ అస్?" అంటారు. అప్పటికప్పుడు కట్టబోతే తడబడతారు. ముందు రోజే రెండు మూడు కట్టుకుని పెట్టుకోండి. "వెన్ విల్ యూ అనౌన్స్ ద రిజల్ట్స్?", "హూ విల్ ఐ రిపోర్ట్ టు?", "వాట్ ట్రైనింగ్ డు యూ గివ్ న్యూ ఎంప్లాయీస్?" మూడో దాంట్లో వాట్ ట్రైనింగ్ ఒకే చీటీ అని గమనించండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

రాసిన ప్రతి ప్రశ్నకూ మూడు పరీక్షలు పెట్టండి.

ప్రశ్న పదాన్ని వేలితో మూసేయండి. మిగిలింది అవును, కాదు అని జవాబు చెప్పగల ప్రశ్నలా ఉండాలి. "వేర్ డజ్ షి లివ్?" లో వేర్ మూస్తే "డజ్ షి లివ్" మిగులుతుంది, వరుస సరిగ్గా ఉంది. "వై యూ కేమ్ లేట్?" లో వై మూస్తే "యూ కేమ్ లేట్" మిగులుతుంది. అది ప్రశ్న కాదు, మామూలు వాక్యం. దొరికిపోయింది: "వై డిడ్ యూ కమ్ లేట్?" అని దిద్దుకోండి. ఆరో మెట్టులోని కర్త ప్రశ్నలకూ, కుడ్ యూ టెల్ మీ లాంటి వాటి లోపలి ముక్కకూ ఈ పరీక్ష పెట్టవద్దు.

రెండోది, డు, డజ్, డిడ్ ఎక్కడ కనిపించినా కర్త తర్వాత క్రియ మీద వేలు పెట్టండి. అక్కడ ఎస్ గానీ, భూతకాలం గానీ, ఐఎన్‌జీ గానీ ఉంటే తప్పే.

మూడోది, మీ ప్రశ్నకు మొదటి మెట్టులో రాసిన జవాబు అతుకుతుందా చూడండి. "హూ డిడ్ యూ సీ?" అని రాసి, మీరు మనసులో అనుకున్న జవాబు "రమ్య సా మీ" అయితే ప్రశ్న మారిపోయింది. మీకు కావలసింది "హూ సా యూ?"

ఇక గొంతు. ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. వాట్, వేర్, వై తో మొదలయ్యే ప్రశ్నల్లో గొంతు మామూలుగా చివర కిందికి దిగాలి. అవును, కాదు అనిపించుకునే ప్రశ్నల్లో పైకి లేస్తుంది. మనం అన్నిటికీ పైకే లేపుతుంటాం.

మీరు చేయండి

జవాబు వాక్యం, దానిలో తెలియని ముక్క ఇస్తున్నాను. ప్రశ్నలు కట్టి, తర్వాతే కింద చూడండి.

క) "ద థౌజండ్ పిల్లర్ టెంపుల్ ఈజ్ ఇన్ హన్మకొండ." తెలియనిది: ఇన్ హన్మకొండ.

చ) "ద మేడారం జాతర కమ్స్ ఎవ్రీ టూ ఇయర్స్." తెలియనిది: ఎవ్రీ టూ ఇయర్స్.

ట) "రుద్రమదేవి రూల్డ్ ఓరుగల్లు." తెలియనిది: రుద్రమదేవి.

త) "యునెస్కో లిస్టెడ్ రామప్ప టెంపుల్ ఇన్ 2021." తెలియనిది: ఇన్ 2021.

ప) "ద ఫార్మర్స్ ఆర్ వెయిటింగ్ ఫర్ ద ట్రేడర్ ఎట్ ఎనుమాముల మార్కెట్." తెలియనిది: ద ట్రేడర్.

జవాబులు:

క) "వేర్ ఈజ్ ద థౌజండ్ పిల్లర్ టెంపుల్?" ఈజ్ ఉంది, అదే జరిగింది.

చ) "హౌ ఆఫన్ డజ్ ద మేడారం జాతర కమ్?" ఎన్నాళ్లకోసారి అన్నదానికి హౌ ఆఫన్. కమ్స్‌లో ఎస్ పోయింది.

ట) "హూ రూల్డ్ ఓరుగల్లు?" కర్త ప్రశ్న, డిడ్ లేదు.

త) "వెన్ డిడ్ యునెస్కో లిస్ట్ రామప్ప టెంపుల్?" లిస్టెడ్ అని వదిలేసి ఉంటే మూడో మెట్టు మళ్లీ చేయండి.

ప) "హూ ఆర్ ద ఫార్మర్స్ వెయిటింగ్ ఫర్ ఎట్ ఎనుమాముల మార్కెట్?" ఫర్ పోకూడదు. ఇది కర్త ప్రశ్న అనుకుని "హూ ఆర్ వెయిటింగ్" అని రాసి ఉంటే, ఎదురుచూసేది రైతులు, మీరు అడుగుతున్నది వ్యాపారి గురించి. చీటీలు పేర్చి ఇంకోసారి కట్టండి.